కొండలు లేవన్న సాకు

భీమవరంలో కాస్త ఖరీదు పెట్టి సైకిలు కొన్నవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘ఇక్కడేం తొక్కుతామండీ, అంతా పల్లమే కదా! సైకిలంటే అరకు ఘాటులో తొక్కాలి, లంబసింగిలో తొక్కాలి.’ సరదాగా సైకిలు తొక్కాలంటే కొండలుండాలట. గోదావరి డెల్టాలో సైకిలంటే పాలక్యాన్లూ గడ్డిమోపులూ మోసే పనిముట్టేనట. ఈ నమ్మకం మీదే లావు టైర్ల ఎంటీబీలు (మౌంటెన్ బైకులు) అమ్ముడుపోతున్నాయి. కొన్న ఆర్నెల్లకే అవి అపార్టుమెంటు మెట్ల కింద దుమ్ము పట్టిపోతున్నాయి. ఈ నమ్మకం తప్పని నా వాదన. పైగా ఇది నష్టం తెచ్చిపెట్టే తప్పు. లోపం నేలదే అనుకున్నంతకాలం, అసలు లోపం ఎక్కడుందో ఎవరూ వెతకరు.

ముందు కష్టం సంగతి చూద్దాం, కొండల పక్షం వాళ్ల ప్రధాన వాదన అదే కాబట్టి. చదును నేల మీద సైకిలు తొక్కేవాడికి ఎదురు నిలిచేది గాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి 15 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే ఒంటికి తగిలే వేగం 35. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది గనక, గాలి ఆడని రోజుతో పోలిస్తే అది మూడు రెట్లు. మామూలు సైకిలు మీద నిటారుగా కూర్చుని తొక్కే మనిషికి లెక్క కడితే, ఆ అదనపు భారం నూరు మీటర్లకు రెండు మీటర్లు పైకి లేచే దారితో అటూ ఇటుగా సమానం. మధ్యాహ్నం తిరిగాక, సముద్రపు గాలి పుంజుకున్న వేళ, సముద్రం దిక్కునున్న మొగల్తూరు వైపు 20 కిలోమీటర్లు తొక్కితే 400 మీటర్ల కొండ ఎక్కినంత పని. కొండ ఎక్కినవాడికి దిగేటప్పుడైనా కాళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. పల్లంలో ఆ వీలు లేదు, పెడలు ఆపితే బండి ఆగిపోతుంది. రెండు గంటలు ఎడతెగకుండా ఒకే లయలో తొక్కడం గుండెకూ ఊపిరితిత్తులకూ ఎంత మంచి సాధనో ఏ కోచ్‌ని అడిగినా చెబుతారు. తెల్లవారుజామున నేలగాలి వీపున పెట్టుకుని సముద్రం వైపు సాగి, పొద్దెక్కాక గాలి మళ్లే దాకా చూసి తిరుగుముఖం పట్టడం ఒక విద్య. తెరచాప కట్టిన మన పడవ సరంగులకు ఇది తెలుసు.

లోకంలో సైకిలు చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. 1896లో మొదలైన పారిస్–రూబే పందెంలో కొండల్లేవు. ఉన్నవల్లా రాతి దిమ్మలు పరిచిన పాత పల్లె దారులూ గాలీ బురదే. అయినా ఒక్కరోజు పందేల్లో దాన్ని మించిన కఠినమైనది లేదని సైకిలు వీరులే అంటారు. నెదర్లాండ్స్‌లో చాలా భాగం మనలాంటి డెల్టాయే, సముద్ర మట్టానికి కిందున్న నేల కూడా ఎక్కువే. ఆ దేశం వాళ్లు 1976 నుంచి 1989 లోపు టూర్ ద ఫ్రాన్స్‌లో ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద ఎనిమిదిసార్లు గెలిచారు. పల్లంలో గాలికి ఎదురు తొక్కిన కాళ్లు కొండ మీద తడబడలేదు. 2013 నుంచి అక్కడ మరో పోటీ కూడా జరుగుతోంది. తుపాను గాలి వీచే రోజు చూసుకుని, సముద్రానికి అడ్డంగా కట్టిన బ్యారేజీ మీద, గేర్లు లేని మామూలు సైకిళ్లతో ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కుతారు. తమ నేలకున్న గుణాన్నే వాళ్లు ఆటగా మలుచుకున్నారు. మనం మాత్రం మన నేలను చూసి మొహం చిట్లిస్తున్నాం.

ఇక బండి సంగతి. ఎంటీబీ 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండవాలుల మీద పుట్టింది. రాళ్ల మీంచి దూకుతూ దిగడానికి దానికి షాకబ్జార్బర్లు, నిట్టనిలువుగా ఎక్కడానికి చిన్న గేర్లు, మట్టిని పట్టుకోవడానికి గుబ్బల టైర్లు పెట్టారు. భీమవరం–ఉండి రోడ్డు మీద ఈ మూడూ దండగే. గుబ్బల టైరు తారు మీద కాలి శక్తిని తినేస్తుంది, షాకబ్జార్బరు తొక్కిన ప్రతిసారీ కుంగుతుంది, ఆ చిన్న గేర్లు ఇక్కడ ఏడాది పొడవునా వాడకుండా ఉండిపోతాయి. మన దారులకు కావలసింది గట్టి ఫ్రేము, నున్నగా ఉండి కాస్త వెడల్పైన టైర్లు, గాలి మారినప్పుడల్లా మార్చుకోవడానికి ఆరేడు గేర్లు. నిజానికి మన తాతల నల్ల సైకిలు, ఆ 28 అంగుళాల పెద్ద చక్రాలతో, ఈ లెక్కకు చాలా దగ్గరగా వస్తుంది. బరువెక్కువ, గేర్లు లేవు. దాని లోపాలు ఆ రెండే.

చూడ్డానికి ఏముంది, ఎటు చూసినా ఒకటే కదా అంటారు. కారులో పోయేవాడికి ఒకటేనేమో. సైకిలు వేగానికి డెల్టా ఒక పూటలోనే నాలుగు రకాలుగా కనిపిస్తుంది. ఆకివీడు దాటితే కొల్లేరు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు గూడబాతుల్ని చూడ్డానికి ఎక్కడెక్కణ్నుంచో వస్తారు. ఉండి చుట్టుపక్కల ఏరియేటర్లు తిరిగే చెరువులు, పాలకొల్లు వైపు కొబ్బరితోటలు, పేరుపాలెంలో సముద్రం. పొలాలూ ఏడాదంతా ఒక్కలా ఉండవు: సార్వా ఊడ్పులప్పుడు నీళ్లల్లో ఆకాశం, దాళ్వా కోతలప్పుడు బంగారం.

ఎండ, ఉక్కపోత అన్న అభ్యంతరం మాత్రం నిజం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్న ఏడున్నర దాటాక తొక్కమని ఎవరికీ చెప్పకూడదు. ప్రమాదం అన్నది ఇంకా పెద్ద నిజం. 165వ నంబరు జాతీయ రహదారి మీద ధాన్యం లారీలూ చేపల లారీలూ రాసుకుపోతుంటే పక్కన సైకిలు తొక్కడం ప్రాణంతో చెలగాటం. కానీ గమనించండి, ఈ రెండు అభ్యంతరాల్లోనూ కొండల ఊసు లేదు. మనకు లేనిది కొండ కాదు, లారీ రాని దారి.

ఆ దారి సగం కట్టే ఉంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు వచ్చిన కాలువలు సాగుకే కాక పడవలకూ దారులు. గాలి పడిపోయినప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవల్ని లాగేవారు. నీరు తనంతట తాను పారాలి గనక కాలువ వాలు అతి స్వల్పం, గట్టు వాలూ అంతే. దానికంటే సైకిలుకు తగిన దారి ఏముంటుంది? ఇప్పుడు చాలా గట్లు వానాకాలంలో నల్లమట్టి చక్రాలకు చుట్టుకునే బురదదార్లు. ఊళ్ల దగ్గర గట్ల మీద పేదల ఇళ్లున్నాయి. వాటిని కదిలించి దారి వేయమని నేననను. ఊళ్ల బయట, చేల మధ్య ఉన్న గట్లు చాలు.

కొద్దిమంది సరదాకి ప్రజల డబ్బా అని అడుగుతారు. గతంలో ‘బడికొస్తా’ పథకం కింద ప్రభుత్వమే ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. సైకిలు మీద బడికెళ్లే పిల్లలు ఏ దారిన వెళ్లాలి? గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన మరణాలను పరిశోధకులు పరిశీలించినప్పుడు, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లేనని తేలింది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పొలంలో యంత్రాలు, ఇంటి ముందు మోటారుసైకిలు వచ్చాక మన పల్లెల్లోనూ ఒళ్లు అంతగా కదలడం లేదు.

వేసవిలో కాలువలు కట్టేశాక పూడికలు తీస్తారు, గట్లు బాగు చేస్తారు. ఆ పనుల్లోనే భీమవరం బయట ఒక్క కాలువకు, ఒక్క వైపు గట్టు మీద, పది కిలోమీటర్లు గ్రావెల్ పోసి రోలరు తొక్కించి, ట్రాక్టరు పట్టి లారీ పట్టకుండా రెండు కొసలా రాళ్లు పాతితే మొదలుపెట్టడానికి సరిపోతుంది. ఆ పనుల అంచనాలు కాలువలు కట్టేయక ముందే తయారవుతాయి. సైకిలు తొక్కేవాళ్లు జలవనరుల శాఖ ఇంజినీర్లను కలవాల్సింది అప్పుడే.