తోలు జాకెట్టుపై చిత్రకళ: అలంకారమా? చరిత్రా?

మనిషి ధరించే దుస్తులలో కొన్ని దేహరక్షణకు, కొన్ని హోదాను చాటడానికి, మరికొన్ని కేవలం వేడుకకు ఏర్పడినవి. ఈ మూడు ప్రయోజనాలనూ మించి, ధరించినవాని జీవితాన్నే తన మీద లిఖించుకొన్న వస్త్రం ఒకటి ఇరవయ్యవ శతాబ్దంలో కనిపించింది. అది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానికులు తొడిగిన తోలు జాకెట్టు. నేడు దానిని పోలిన కొత్త జాకెట్లు తయారవుతున్నవి. వాటి వీపున నాటి బొమ్మలను చేతితో చిత్రించి అమ్ముతున్నారు. యువకులు ముచ్చటపడి కొంటున్నారు. ఈ ముచ్చట ఎంతవరకు సమంజసమో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ జాకెట్టు పుట్టుపూర్వోత్తరాలు తెలిసికొనడం అవసరం. 1931లో అమెరికా సైన్యపు వైమానిక విభాగం ‘ఏ-2’ అనే పేరుతో దీనిని ఆమోదించింది. ఎక్కువగా గుర్రపు తోలుతో కుట్టేవారు. మేకతోలు కూడా వాడారు. ముందు వైపు జిప్పు, చేతుల అంచులకు, నడుముకు ఊలు అల్లిక ఉండేవి. 1943లో తోలుకు బదులు గుడ్డ జాకెట్లు రావడంతో సైన్యం వీటి కొనుగోలును నిలిపివేసింది. అయినా వైమానికులు మాత్రం యుద్ధం ముగిసేవరకు వీటిని విడువలేదు.

సైనిక దుస్తుల ధర్మం ఏకరూపత. వేలమందిని ఒక్క తీరుగా చూపడమే వాటి పని. అట్టి దుస్తుల మీద ఒక సామాన్య సైనికుడు “నేను ఫలానా” అని చెప్పుకొనడానికి దొరికిన తావు ఈ జాకెట్టు వీపు. విమానం ముక్కు మీద వేసిన బొమ్మనూ పేరునూ అక్కడ వేయించుకొనడం పరిపాటి అయింది. చిత్రించినవారు పేరుమోసిన కళాకారులు కారు. దళంలో కాస్త బొమ్మలు గీయడం వచ్చినవాడే చిత్రకారుడు. ఇంగ్లండులో మకాం వేసిన 91వ బాంబరు దళంలో టోనీ స్టార్సర్ అనే సైనికుడు నూరుకు మించిన విమానాలపై బొమ్మలు వేశాడు. సుప్రసిద్ధమైన ‘మెంఫిస్ బెల్’ విమానంపై ఉన్న వనిత అతని కుంచె నుండి వెలువడినదే. పత్రికా చిత్రకారుడు జార్జి పెట్టీ గీసిన బొమ్మ దానికి మాతృక. ఆ విమానాన్ని 2018 నుండి అమెరికాలోని డేటన్ నగరపు వైమానిక దళ మ్యూజియంలో ప్రదర్శిస్తున్నారు.

వీపు మీది బొమ్మ చుట్టూ చిన్న చిన్న బాంబుల గుర్తులు వరుసగా ఉంటాయి. చూచేవారికి అది కేవలం అంచు. వేయించుకొన్నవానికి అది లెక్క. ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క దాడికి వెళ్లి ప్రాణాలతో తిరిగి వచ్చినందుకు నిదర్శనం. ఇంగ్లండు నుండి ఎగిరిన బాంబరు సిబ్బందికి మొదట 25 దాడులు పూర్తిచేస్తే విముక్తి. తరువాత ఆ సంఖ్య 30కి, 35కి పెరిగింది. ఆ సంఖ్యను చేరుకొనడం ఎంత దుర్లభమో ఒక్క ఉదాహరణ చాలు. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌పై దాడికి 291 విమానాలు బయలుదేరగా 60 విమానాలు నేలకూలాయి. విమానానికి పదిమంది చొప్పున దాదాపు 600 మంది ఆనాడు తమ స్థావరానికి తిరిగి రాలేదు. ఇరవై నాలుగు గుర్తులున్న జాకెట్టుకు ఇరవై అయిదవ గుర్తు ఎంత బరువో మనం ఊహించుకొనవచ్చును.

అయితే ఈ బొమ్మలను కీర్తించడం తగదనేవారు ఉన్నారు. వారి వాదన తేలికగా తోసివేయదగినది కాదు. అర్ధనగ్న స్త్రీ చిత్రాలు ఏ సంస్కారానికి చిహ్నాలని వారు ప్రశ్నిస్తారు. అంతకంటె గట్టి ప్రశ్న మరొకటి ఉన్నది. బాంబు గుర్తుకు పైన ప్రాణాలు దక్కించుకొన్న వైమానికుడు ఉంటే, దాని క్రింద ఒక పట్టణం ఉన్నది. 1943 జూలైలో హాంబర్గుపై బ్రిటిషు, అమెరికను విమానాలు జరిపిన దాడులలో 30 వేలకు పైగా ప్రజలు మరణించారు. వారి లెక్కను ఏ జాకెట్టూ మోయలేదు. అదే ఏడాది, హంతక ముఠా పేరు పెట్టుకొన్న ఒక విమానపు వైమానికుడు, ఆ పేరు వీపున రాసి ఉన్న జాకెట్టుతోనే జర్మనులకు చిక్కాడు. వారి పత్రికలు ఆ ఫోటోను ప్రచురించి, అమెరికను వైమానికులు హంతకులని ప్రచారం చేశాయి. మిత్రుల మధ్య వేళాకోళంగా పెట్టుకొన్న పేరు శత్రువు చేతిలో సాక్ష్యపత్రమయింది.

మన దేశానికీ ఈ జాకెట్టుతో ఒక సంబంధం ఉన్నది. చైనా, బర్మా, భారత రంగంలో పోరాడిన వైమానికులు వీపుపై చైనా జెండాతో కూడిన ఒక గుడ్డముక్కను కుట్టుకొనేవారు. ఆపదలో పడిన ఈ విదేశీయుణ్ణి కాపాడండని స్థానికులను వేడుకొనే లేఖ అది. దానిని ‘బ్లడ్ చిట్’ అన్నారు. ఆ ‘చిట్’ మన చీటీయే. హిందుస్తానీ నుండి ఇంగ్లీషులో చేరినది. మొదటి ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిషు వైమానికులు ఉర్దూతో సహా నాలుగు భాషలలో అచ్చువేసిన ఇట్టి చీటీలను వెంట ఉంచుకొనేవారు. ఈ రంగపు చిహ్నంలో భారత నక్షత్రం ఉన్నది. తోలుముక్కలతోను, జరీతోను ఆ చిహ్నాలను తయారుచేసిన మన పనివారు ఎందరో. వారి పేర్లు మాత్రం ఏ జాకెట్టు మీదా లేవు.

ఇక ప్రస్తుతానికి వద్దాం. పాత జాకెట్లను భద్రపరచడం ధర్మం. ధైర్యం, భయం, మొరటు హాస్యం, హింస అన్నీ కలిసి ఉన్న దస్తావేజులు అవి. అందులో నచ్చనిదాన్ని చెరిపివేసే హక్కు మనకు లేదు. కొత్త తోలుపై చిత్రలేఖనమూ తప్పు కాదు. మడతపడే తోలుపై రంగు పగలకుండ పలుచని పూతలతో బొమ్మ నిలపడం నేర్పుతో కూడిన విద్య. దానితో బ్రదికే చిత్రకారులు గౌరవార్హులు. నా అభ్యంతరం ఒక్కటే. ఏ దాడికీ వెళ్లనివాని వీపున ఇరవై అయిదు బాంబులు ఎందుకు? చదవని చదువుకు పట్టా తగిలించుకొంటే మనం నవ్వుతాం. పడని కష్టానికి గుర్తులు తగిలించుకొనడం దానికి భిన్నమైనది కాదు. పైగా ఆ గుర్తు క్రింద మరణించినవారు కూడా అలంకారంలో భాగమైపోతారు. వస్త్రాన్ని అనుకరించవచ్చును, లెక్కను అనుకరించరాదు.

విద్యార్థి మిత్రులారా! నాటి సైనికుడు ఇతరుల బొమ్మను అరువు తెచ్చుకొన్నా లెక్క మాత్రం తనదే వేసికొన్నాడు. మనం అతని నుండి గ్రహించవలసినది ఆ నిజాయితీని. మన కళాశాల చిత్రలేఖన పోటీలలో గుడ్డ సంచిమీదనో, పాత కోటు మీదనో ప్రతి విద్యార్థి తన జీవితపు గుర్తులను తానే చిత్రించే అంశం ఒకటి చేర్చవలసిందిగా కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాను. కుట్టుమిషను, రిక్షా చక్రం, దాటిన పరీక్షలు, నడిచిన మైళ్లు, ఏవైనా కావచ్చును. అవి చిన్నవే కావచ్చును గాని, వాటిని గురించి ఎవరు అడిగినా తలయెత్తి జవాబు చెప్పగలం.