హైదరాబాదు క్లబ్బు ఎక్కడికి పోయింది?



చదువుల గురించి, ఉద్యోగాల గురించి ఈ శీర్షికలో తరచు మాట్లాడుకొంటున్నాము. ఆటే ఉద్యోగమైన వారి సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. భీమిలి నుండి గాజువాక వరకు, అటు పల్లెల్లో కోతలైన మళ్ళలోను, ఇసుక తిన్నెలమీదను సాయంత్రమైతే బంతి తన్నే పిల్లలు లేని చోటు కనబడదు. వారిలో కాస్త బాగా ఆడే కుర్రవాడు ఒకనాడు ఇంటికి వచ్చి, "నాన్నా, ఫలానా క్లబ్బువాళ్ళు సెలెక్షన్ పెట్టారంట, నేను వెళ్తాను" అంటాడు. తండ్రికి క్రికెట్ సంగతి కొంత తెలుసు గాని ఫుట్‌బాల్ క్లబ్బు అంటే ఏమిటో, దానికి డబ్బు ఎక్కడనుండి వస్తుందో, అది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. తెలియక వద్దంటాడు, లేక తెలియకనే సరేనంటాడు. అటువంటి ఇండ్లవారి కోసం మన తెలుగువారి పెద్దపట్టణమైన హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రను ఈ నెల చెప్పుకొందాము.

ఆ చరిత్రలో మొదట వచ్చేది పోలీసు జట్టు. పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. ఈనాటి అర్థంలో అది ప్రొఫెషనల్ క్లబ్బు కాదు. అందులో ఆడినవారు పోలీసు శాఖలో ఉద్యోగులు. నెల తిరిగేసరికి వారి జీతం శాఖ ఇచ్చేది. గెలిచినా ఓడినా ఆ జీతం ఆగేది కాదు. ఈ మాట గుర్తుంచుకొనండి, తరువాత పనికి వస్తుంది.

ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు మన దేశంలో అన్నిటికంటె పాత ఫుట్‌బాల్ పోటీ. అది మొదలైనది 1888లో. 1950లో దాని చివరి ఆటలో మన పోలీసులు కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో, 1957లో మరల గెలిచారు. తరువాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అను పేరుతో 1961లో కూడ గెలిచారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకొనే ఆ కాలంలో దక్షిణాదినుండి వచ్చిన పోలీసు జట్టు ఇంత చేయడం చిన్న సంగతి కాదు.

దీని వెనుక ఉన్న మనిషి ఒక బడి పంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909లో పుట్టారు. హైదరాబాదు పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. పోలీసు జట్టుకు శిక్షకులుగా ఉంటూనే నగర ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా పనిచేశారు. ఆయన పెట్టిన పోటీలు వింటే నవ్వు వస్తుంది, కాని ఆలోచిస్తే ఆ పంతులుగారి తెలివి అర్థమవుతుంది. ఒక పోటీలో బంతిని కాలివద్ద పెట్టుకొని పరుగెత్తకూడదు, వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందించాలి. ఇంకొక పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో ఆడాలన్నమాట. పొట్టి పిల్లల కోసం ఎత్తు కొలిచి వేరే పోటీలు పెట్టేవారు. వీటికి పెద్ద ఖర్చు లేదు. మన సండేస్కూలు పిల్లలతో సెలవుల్లో ఎవరైనా చేసి చూడవచ్చు.

రహీం గారి శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి మరల బంగారం గెలిచింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్‌లో కన్నుమూశారు. 2024లో ఆయన మీద హిందీలో "మైదాన్" అను సినిమా వచ్చిన తరువాతనే మనలో చాలమందికి ఆయన పేరు తెలిసింది. 60 ఏళ్ళు ఆలస్యమైనా తెలిసినందుకు సంతోషమే.

ఆ జట్టులో ఆడిన కుర్రవారిలో తులసీదాస్ బలరాం సంగతి మన పల్లెటూరి పిల్లలు వినదగినది. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో 1936లో బీద ఇంట పుట్టాడు. తన మొదటి ఆట బూట్లు పాత పోలీసు బూట్లనుండి కుట్టించుకొన్నవేనని పెద్దవాడైన తరువాత చెప్పుకొన్నారు. రహీం గారి కంట పడి, పోలీసు జట్టులోనికి, అక్కడనుండి భారత జట్టులోనికి వెళ్ళారు. మెల్‌బోర్న్ జట్టులోను, జకార్తా జట్టులోను ఉన్నారు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. 1963లో బి.ఎన్.ఆర్. జట్టుకు వెళ్ళారు. బి.ఎన్.ఆర్. అంటే మన వాల్తేరు పెద్దలకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ రైలు కంపెనీ పేరే ఆ జట్టుకు మిగిలింది. ఊపిరితిత్తుల జబ్బు వలన 27వ ఏటనే ఆట మానవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో మరణించారు.

బలరాం ఒక్కరే కాదు, హైదరాబాదు బిడ్డలు చాలమంది కలకత్తా దారి పట్టారు. అక్కడి క్లబ్బులు డబ్బు ఇచ్చేవి, అక్కడి జనం ఆటగాడిని నెత్తిన పెట్టుకొనేవారు. నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, అక్బర్ అందరూ వెళ్ళినవారే. హబీబ్ గారు మరింత ధైర్యం చేశారు. తోటి ఆటగాళ్ళు బ్యాంకులోనో రైల్వేలోనో ఉద్యోగం పట్టుకొంటే, ఆయన ఏ ఉద్యోగమూ వద్దని ఆటనే నమ్ముకొన్నారు. మన దేశంలో మొదటి నిజమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడని ఆయనను అంటారు. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మాస్ జట్టు కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో సమం చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాదులో మరణించారు.

రహీం గారు పోయారు, మంచి ఆటగాళ్ళు తరలిపోయారు. పోలీసు జట్టు వెలుగు మెల్లగా తగ్గింది. ఆ తరువాతి కొన్ని దశాబ్దాలు హైదరాబాదు ఫుట్‌బాల్‌ను గురించి చెప్పుకొనేది తక్కువ.

2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ఇందులో క్లబ్బు అంటే ఒక కంపెనీ. యజమాని రుసుము కట్టి ఒక నగరం పేరున జట్టు నడిపే హక్కు పొందుతాడు. దీనిని ఫ్రాంచైజీ అంటారు. పూనా నగరపు జట్టు మూతబడగా, దాని స్థానంలో 2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం దాని సొంత మైదానం. మొదటి సంవత్సరం 10 జట్లలో 10వ స్థానం! మొదటి ఆటలోనే కలకత్తాలో 5 గోల్స్ తిన్నారు.

తరువాత మనోలో మార్క్వెజ్ అను స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చాడు. పెద్దగా పేరులేని కుర్రవారిని చేరదీసి జట్టు కట్టాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఆఖరి ఆట. 88వ నిమిషం దాకా కేరళదే పైచేయి. అప్పుడు సాహిల్ తవోరా దూరంనుండి ఒక్క తన్ను తన్ని 1-1 చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3-1తో హైదరాబాదు విజేత. మూడవ సంవత్సరంలోనే కప్పు!

ఇందులో నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటి ఉన్నది. కోవిడ్ వలన రెండు సంవత్సరాలు ఆటలన్నీ గోవాలోనే పెట్టారు. కప్పు గెలిచిన ఆ సీజనంతా హైదరాబాద్ జట్టు హైదరాబాదులో ఒక్క ఆట కూడ ఆడలేదు. ఆఖరి ఆట రోజున గ్యాలరీలలో ఎక్కువమంది కేరళ అభిమానులే. గోవా, మణిపూర్, అస్సాం, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియాలనుండి వచ్చిన ఆటగాళ్ళు హైదరాబాదు పేరున గెలిచారు, హైదరాబాదువారు టీవీలో చూశారు. ఆటగాళ్ళ తప్పు ఇందులో ఏమీ లేదు. కాని జట్టుకు, ఊరికి మధ్య వేరు దిగడానికి సమయమే దొరకలేదు.

2022-23లో లీగు పట్టికలో రెండవ స్థానం. ఆ మరుసటి సంవత్సరమే కూలింది. యజమానులవద్ద డబ్బు ఆగిపోయింది. ఆటగాళ్ళకు జీతాలు అందలేదు. విదేశీయులు ఒకరి తరువాత ఒకరు వెళ్ళిపోయారు. బాకీలు తీర్చనందుకు క్రొత్త ఆటగాళ్ళను చేర్చుకోకూడదని ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రవారితోనే తంగ్‌బోయ్ సింగ్టో అను శిక్షకుడు జట్టును నడిపాడు. 2023-24లో 22 ఆటలకు ఒకే ఒక విజయం. జీతం రాదని తెలిసి కూడ చివరి ఆటవరకు మైదానంలోనికి దిగిన ఆ పిల్లలను, కప్పు గెలిచిన వారికంటె తక్కువగా నేను ఎంచను.

2024లో క్లబ్బు చేతులు మారింది. బి.సి. జిందాల్ గ్రూపు తీసుకొన్నది. 2025లో దానిని ఢిల్లీకి తరలించి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చారు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్.సి. కథ ఆరేళ్ళలో ముగిసింది. పైగా ఆ సంవత్సరం లీగు నిర్వహణ ఒప్పందం గడువు ముగియవచ్చినందున పోటీలే సమయానికి మొదలు కాలేదు, అన్ని క్లబ్బుల ఆటగాళ్ళు నెలల తరబడి ఎదురు చూశారు.

ఇక మన విశాఖకు కూడ ఈ కథలో ఒక వాటా ఉన్నది. 2020 ఆగస్టులో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగులో క్రొత్త క్లబ్బులను చేర్చుకొన్నప్పుడు శ్రీనిధి క్లబ్బును విశాఖపట్నం పేరున ఒప్పుకొన్నది. మన ఊరికి క్లబ్బు వచ్చిందని ఇక్కడి పిల్లలు ఎంతో ఆశపడ్డారు. అయితే 2021-22లో అది ఆట మొదలుపెట్టేసరికి శ్రీనిధి డెక్కన్ అయింది. దాని మైదానం హైదరాబాదు శివార్లలోని డెక్కన్ అరేనా. మంచి జట్టే. మొదటి ఏడు మూడవ స్థానం, తరువాత రెండేళ్ళు వరుసగా రెండవ స్థానం. కాని మన సముద్రపు గాలి దానికి తగలలేదు.

ఊరు వదలిపోవడం మన దగ్గరనే జరుగుతుందనుకోకండి. ఇంగ్లాండులో వింబుల్డన్ క్లబ్బును యజమానులు 2003లో మిల్టన్ కీన్స్ అను వేరే పట్టణానికి తరలించారు. అది తప్పదని తెలిసిన 2002లోనే అభిమానులు చందాలు వేసుకొని సొంతగా ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ స్థాపించి, దిగువ లీగునుండి ఆడుకొంటూ 2011 నాటికి దేశపు నాలుగు ప్రధాన శ్రేణుల్లోనికి ఎక్కించారు. ఆ దేశంలో ఎన్నో పెద్ద క్లబ్బులు కంపెనీలుగా పుట్టలేదు. ఎవర్టన్ క్లబ్బు 1878లో సెయింట్ డొమింగో మెథడిస్టు చర్చి యౌవనస్థులు మొదలుపెట్టినది. ఆస్టన్ విల్లా 1874లో వెస్లియన్ చాపెల్ కుర్రవారు పెట్టుకొన్నది. సంఘపు పిల్లలు చలికాలంలో ఖాళీగా ఉండకూడదని పెద్దలు బంతి ఇచ్చారు, అంతే.

తల్లిదండ్రులారా, ఇంతకూ మన కుర్రవానిని పంపాలా వద్దా? నా అభిప్రాయం అడిగితే, పంపండి, కాని కాగితం చదివి పంపండి. 18 ఏళ్ళు నిండని పిల్లవాని ఒప్పందం 3 సంవత్సరాలకు మించకూడదని ఫిఫా నియమం. 18 దాటినవారికి 5 సంవత్సరాలు. క్లబ్బు అన్యాయంగా రెండు నెలల జీతం బాకీ పెడితే, ఆటగాడు వ్రాతపూర్వకంగా 15 రోజుల గడువు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం నుండి బయటికి రావచ్చు. ఈ నియమం 2018లో వచ్చింది. నోటిమాటగా చెప్పిన జీతానికి ఇవేవీ వర్తింపజేసుకోవడం కష్టం. గనుక ఒప్పందపు ప్రతి ఒకటి మీ ఇంటి బీరువాలో ఉండాలి. ఇంగ్లీషులో ఉంటే తెలిసినవారిచేత తెలుగులో చదివించుకొనండి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో అందులో వెదకండి. హాస్టలు, భోజనం ఇస్తామంటే అవి జీతంలో కోత పెట్టి ఇస్తారో, విడిగా ఇస్తారో అడగండి.

ఇంటర్మీడియట్ చదువు మాన్పించవద్దు. బలరాం గారికి 27వ ఏట ఆట ఆగిపోయిందని పైన చెప్పాను. రైల్వేవారు నేటికీ క్రీడల కోటాలో ఉద్యోగాలు ఇస్తున్నారు. దానికి ఆటతో పాటు చదువు సర్టిఫికెట్టు కూడ అడుగుతారు. పిల్లవాడు ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టును, తారీఖు, ముద్ర సరిగా ఉన్నవో లేవో చూచి, ఆ రోజే దాచిపెట్టండి.