వ్యాయామము నిలుచుట యెట్లు?

సంక్రాంతికో, ఉగాదికో నడక మొదలిడని యిల్లు మన ఊళ్లలో అరుదు. పది దినములు సాగును. ఆపై చుట్టమో, జలుబో, వానయో వచ్చును. అంతటితో నడక నిలుచును. పిదప తమకు పట్టుదల లేదని తమ్ము తామే నిందించుకొందురు. ఈ నింద సరికాదని మా అభిప్రాయము. లోపము పట్టుదలలో లేదు, ఏర్పాటులో ఉన్నది.

కుందారపల్లి, వేపనపల్లి, హోసూరు ప్రాంతములలో మన పెద్దలు వ్యాయామమను మాట యెఱుగకయే వ్యాయామము చేసిరి. కపిల తోలినవాడు, మడక పట్టినవాడు, రాగులు విసరిన యిల్లాలు, బావినుండి నీరు మోసిన కోడలు - వీరిలో ఎవరును ఉత్సాహము కలిగి ఆ పని చేయలేదు. చేయకున్న సంగటి లేదు గనుక చేసిరి. బోరుబావియు, పిండిమరయు, మిక్సీయు వచ్చి ఆ కష్టమును తీర్చినవి. అది మేలే, ఆ కష్టము తిరిగి రావలెనని మేము కోరము. 1970ల నుండి హోసూరున పరిశ్రమలు పెరిగినవి. పనివారికొఱకు కర్మాగారముల బస్సులే వచ్చుచున్నవి. దేహమునకు పని తగ్గినది గాని తిండి తగ్గలేదు. మునుపు అవసరము నడపిన దేహమును ఇప్పుడు ఉత్సాహము నడపవలెనని మనము ఆశించుచున్నాము. ఉత్సాహము వచ్చి పోవు చుట్టము. దానిని నమ్మి సంసారము నడపలేము.

ఇందువలని నష్టము చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా జనులకు మధుమేహము కలదు. రక్తపోటు, మధుమేహములకు మందులు ఇంటికే తెచ్చియిచ్చు పథకమును తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ఆరంభించినది మన కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లెలోనే. ప్రశంసనీయమైన కార్యమది. కాని మందు ఇంటికి వచ్చును. నడక ఇంటికి రాదు.

1953లో జెర్రీ మారిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును లండన్ నగరపు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని గూర్చి ఒక పరిశోధనను ప్రకటించిరి. దినమెల్ల కూర్చుండు డ్రైవర్లకంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించినది. ఇరువురిదియు ఒకే బస్సు, ఒకే దారి. కండక్టరు ఆరోగ్యముకొఱకు మెట్లెక్కలేదు. ఎక్కక టిక్కెట్టు ఇయ్యలేడు గనుక ఎక్కినాడు. మనము గ్రహింపవలసినది ఇదియే. నడకను కోరికకు వదలక ఒక పనికి ముడివేయవలెను. పాలు పోయుటకు, అంగడికి, గుడికి బండి వదలి కాలినడకను పోవలెను. కర్మాగారపు బస్సు ఎక్కువారు ఒక మజిలీ ముందే దిగి యింటికి నడువవలెను.

లెక్కకు వెఱవనక్కరలేదు. పెద్దలకు వారమునకు 150 నిమిషముల చుఱుకైన నడకయైనను, అంతటి శ్రమయైనను ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది; అనగా ఐదు దినములు, దినమునకు అరగంట. దానితోపాటు వారమునకు రెండు దినములు కండలకు బలమిచ్చు పని కావలెను. ముసలివారు కుర్చీలో కూర్చుండి లేచుటతో మొదలిడవచ్చును. దినమునకు పదివేల అడుగులు వేయకున్న ఫలము లేదని పలువురు తలచుచున్నారు. ఆ సంఖ్య 1965లో జపానున అమ్మకమునకు వచ్చిన అడుగుల లెక్క యంత్రము పేరునుండి వ్యాపించినది. వైద్యుడు విధించినది కాదు. అరగంట కుదరని దినమున పది నిమిషములు నడచినను నియమము బ్రతికియుండును. ఒక దినము తప్పినచో మరునాడు మొదలిడవలెను. మరల ఉగాదివఱకు ఆగరాదు.

ఇక తోడు ముఖ్యము. ఒంటరిగా లేచువానికి దుప్పటియే శత్రువు. వాకిట పొరుగువాడు నిలిచి పిలిచినచో దుప్పటి ఓడును. మన స్త్రీలకు తోడు మరింత అవసరము. ఇంటిపని చాలునందురు, చాలదని చెప్పుట సులభమే, కాని చీకటితో ఒంటరిగా దారిన పడుమని వారికెట్లు చెప్పగలము? నాలుగిండ్లవారు కలిసినచో ఆ యిబ్బంది తీరును. రహదారి అంచున నడచుట ప్రమాదకరము. చెరువుకట్టయో, పాఠశాల మైదానమో మేలు. గుండెనొప్పి, ఆయాసము ఉన్నవారును, మధుమేహమునకు మందు పుచ్చుకొనువారును వైద్యుని అడిగి మొదలిడవలెను. పొలమున, మామిడితోటలలో దినమెల్ల కూలి చేయువారికి మా బోధ వర్తింపదు. వారికి కావలసినది విశ్రాంతి.

మన సంఘమునకు దీనితో పనియేమి యని కొందరడుగవచ్చును. పని కలదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట మన పిల్లలు ఒకటవ తరగతినుండి తమిళము చదువుచున్నారు. నేర్చుటను మేము ఆక్షేపింపము. ఈ నేల భాష రాకున్న జీవనము కష్టము. అయితే తెలుగునకు దినములో ఒక వేళ మిగులవలెను గదా! ఇంటిలో ఆ వేళను టెలివిజనును, ఫోనును కాజేసినవి. తాత మనుమని చేయిపట్టి చెరువుకట్టకు పోయినచో త్రోవపొడవున చెట్టు పేరు, పిట్ట పేరు, పొలము పేరు, వరుసలు, సామెతలు తెలుగుననే దొరలును. తాతకు మోకాలు సాగును, మనుమనికి నాలుక తిరుగును. దేహమును, భాషయు వాడుకచేతనే నిలుచునవి. దాచినచో రెండును తుప్పు పట్టును.

కావున ప్రతి శాఖవారును తమ ఊర ఒక వేళను, ఒక చోటును నిర్ణయింపవలెనని మా సూచన. చందా వలదు, సభ వలదు, ఉపన్యాసము అసలే వలదు. ఇద్దరు చాలుదురు. రేపటి ఉత్సాహముకొఱకు కాచుకొనక, ఈ సాయంకాలమే మీ వీథిలో ఒక తలుపు తట్టుడు.