మజిలీ ఎక్కడ? బలహీనుల హక్కు

 

బంధువులందరూ ఒకే బస్సు మాట్లాడుకొని దూరప్రాంతపు పెళ్ళికి బయలుదేరడం మన కుటుంబాలలో పరిపాటి. విందులో ఏమేమి వడ్డించాలో నెల రోజుల ముందునుండే చర్చిస్తాము. ఆ బస్సు దారిలో ఎక్కడ ఆగాలి, ఎక్కడ డీజిలు పోయించుకోవాలి అనే ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. అది డ్రైవరు పని అనుకొని వదిలివేస్తాము. ఈ నిర్లక్ష్యానికి మేమే బాధ్యులమైన ఒక సంఘటనను ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

గత శీతకాలంలో ఒంగోలు నుండి హైదరాబాదుకు 45 మందిమి బయలుదేరాము. ముగ్గురు ప్రయాణమైతే తమలో ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) బోధించిన విషయం అబూదావూద్ గ్రంథంలో ఉన్నది. ఆ బాధ్యతను బంధువులు మాపై ఉంచారు. ఫజ్ర్ తర్వాత కదలవలసిన బస్సు పది గంటలకు గాని కదలలేదు. డీజిలు దారిలో పోయించుకుందామని డ్రైవరు అన్నాడు. మేము సరే అన్నాము.

సగం దారి దాటిన తర్వాత ఒక బంకు వద్ద ఆగబోయాము. ముందంతా లారీలు నిలిచి ఉన్నాయి. 12 మీటర్ల బస్సు లోనికి వెళ్ళినా తిరిగి బయటికి వచ్చే వీలు లేదు. పైగా మా బస్సు మీద కట్టిన సామాను బంకు కప్పుకు తగిలేటట్లున్నది. తర్వాతి బంకు డివైడరుకు అవతలి వైపున ఉన్నది. మూడవదానిలో డీజిలు దొరికింది గాని మరుగుదొడ్డికి తాళం వేసి ఉన్నది. అది సిబ్బందికి మాత్రమేనని జవాబు వచ్చింది.

బస్సు మళ్ళీ కదిలిన కొద్దిసేపటికి చక్రాల కుర్చీలో తీసుకువచ్చిన ఒక వృద్ధురాలికి కళ్ళు తిరిగాయి. ఆమె మధుమేహ రోగి. "మౌలానా సాబ్, దాదీమా పొద్దున్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. దారిలో ఎక్కడా వీలుండదని భయపడింది" అని మనుమరాలు ఏడుస్తూ చెప్పింది. మరో అరగంటకు లారీలు ఆగే విశాలమైన బంకు ఒకటి కనిపించింది. అక్కడ మెట్లకు బదులు వాలుదారి ఉన్నది, మరుగుదొడ్డి తెరచి ఉన్నది, నీళ్ళు ఉన్నాయి. దాదీమా తేరుకున్నారు. జుహ్ర్ వేళ ముగియడానికి కొద్ది నిమిషాల ముందు ఖస్ర్ నమాజు చేసుకున్నాము. ఆమె మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. పైగా మా కొరకు దుఆ చేశారు. ఆ దుఆ మా గుండెను కోసింది.

ప్రయాణంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) కాఫిలాకు వెనుకగా నడిచేవారని, వెనుకబడిన బలహీనులను ముందుకు నడిపించేవారని, వాహనం లేనివారిని తమ వెనుక కూర్చోబెట్టుకొనేవారని, వారి కొరకు దుఆ చేసేవారని హజ్రత్ జాబిర్ (రజియల్లాహు అన్హు) తెలిపారు. ఈ హదీసును మేము ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. అయినా ఆనాడు బస్సులో ముందు సీటులో కూర్చున్నాము! మజిలీని నిర్ణయించవలసినది బండిలోని డీజిలు కాదు, బండిలోని అత్యంత బలహీనుని అవసరం.

కాబట్టి అమీరుగా ఉండేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. బయలుదేరే ముందురోజే ట్యాంకు నింపించండి. సగానికి తగ్గగానే మళ్ళీ నింపించండి. కొత్త బీఎస్ 6 బస్సులలో చాలావాటికి యాడ్‌బ్లూ అనే ద్రవం కూడా కావాలి. అదీ చూసుకొమ్మని డ్రైవరుకు చెప్పండి. రెండేసి గంటలకు ఒక మజిలీ చొప్పున ముందే గుర్తించండి. అది మనం వెళ్ళే వైపుననే ఉండాలి. అనేక బంకులు సర్వీసు రోడ్డు మీద ఉంటాయి, బస్సు ఫ్లైఓవరు ఎక్కితే వాటిని దాటిపోయినట్లే. ఫోనులోని మ్యాపులో ఉపగ్రహ చిత్రం చూస్తే బంకు ముందు ఎంత స్థలం ఉన్నదో తెలుస్తుంది. లారీలు ఆగే చోట బస్సుకూ చోటుంటుంది. ఇండియన్ ఆయిల్ వారి స్వాగత్, భారత్ పెట్రోలియం వారి ఘర్ బంకులు ఇటువంటి పెద్ద వాహనాలను దృష్టిలో ఉంచుకొని ఏర్పాటైనవే. ముందుగా ఫోను చేసి, బస్సు తిరుగుతుందా, మరుగుదొడ్డి తెరచి ఉంటుందా, మెట్లు ఉన్నాయా అని అడగండి. ఎక్కడెక్కడ ఆగుతామో పెద్దలకు, స్త్రీలకు ఉదయమే చెప్పండి. అప్పుడు వారు నిర్భయంగా నీళ్ళు తాగుతారు.

బంకు తప్పిపోతే రాంగ్ రూటులో వెనుకకు రాకండి. రోడ్డు అంచున బస్సు నిలిపి ప్రజలను దించకండి. రాత్రివేళ దారి మీద మజిలీ చేయవద్దని ముస్లిం గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తున్నది. జాతీయ రహదారిపై ఆపద కలిగితే 1033కు ఫోను చేయవచ్చు. డీజిలు పోయించుకున్న తర్వాత బస్సును పక్కకు తీయించి, ఆ తర్వాతే వుజూకు వెళ్ళండి. వాహనాలు తిరిగే చోట జానమాజులు పరచకండి. మరుగుదొడ్డిని మీ తర్వాత వచ్చేవారి కొరకు శుభ్రంగా ఉంచండి.

ఆ సాయంత్రం మా బస్సు హయత్‌నగర్ మీదుగా హైదరాబాదులో ప్రవేశించింది. ఆ ఊరికి పేరు తెచ్చిన హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె. అక్కడి మసీదు చుట్టూ బాటసారుల కొరకు గదులు కట్టించారు, సమీపంలో పెద్ద బావి ఉన్నది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా, కూఫా నుండి మక్కాకు వెళ్ళే హాజీల దారిలో బావులు, నీటి తొట్లు, విడిదులు ఏర్పాటు చేయించారు. నేటికీ ఆ దారిని ఆమె పేరుతోనే పిలుస్తారు. మనకు సరాయి కట్టించే స్తోమత లేకపోవచ్చు. కాని ఒక ముసలి తల్లి దాహం తీరేటట్లు ప్రయాణాన్ని అమర్చుకొనే శక్తి అందరికీ ఉన్నది.

నీళ్ళు, మరుగుదొడ్డి ఉచితంగా అందించడం బంకుల విధి. మన పాఠకులలో బంకు నడిపేవారుంటే, ఆ తలుపు తాళం తీసి ఉంచండి. విధి తీరుతుంది, సదఖా పుణ్యమూ దక్కుతుంది.

అల్లాహ్ మన ప్రయాణాలను సులభతరం చేయుగాక! వెనుకబడినవారిని మరచిపోని హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.