హెచ్చరికలో 'మీటరు' ఉప్పెన.. ఉప్పాడలో అది ఎంత?

తుపాను వచ్చిన ప్రతిసారీ మీ ఫోన్‌లో ఒక వాక్యం కనిపిస్తుంది: సాధారణ పోటు కంటే మీటరు ఎత్తున ఉప్పెన వచ్చే అవకాశం ఉంది, అని. మీటరే కదా అనుకుంటాం. అదే రోజు టీవీలో చూస్తే ఉప్పాడ బీచ్ రోడ్డు దగ్గర రాళ్ల గట్టు దాటి మనిషెత్తు నీళ్లు ఎగిరిపడుతుంటాయి. రెండూ నిజమే. లెక్కలే వేరు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అక్కడికి ఉప్పాడ దాదాపు వంద కిలోమీటర్లు. అయినా కాకినాడ-ఉప్పాడ రోడ్డు దెబ్బతింది.

హెచ్చరికలోని ఉప్పెన అంకె ప్రధానంగా గాలి నెట్టిన నీటిది, వాయుపీడనం తగ్గినందుకు లేచిన నీటిది. ఒక్కో కెరటం ఒడ్డు మీదికి ఎంత ఎక్కుతుందో అది చెప్పదు.

అల విరిగితే నీరెందుకు పెరుగుతుంది?

లోతు నీళ్లలో కెరటం ముందుకు సాగుతుంది గానీ, నీరు దాదాపు ఉన్నచోటే ఊగుతుంది. తీరం దగ్గర లోతు తగ్గి కెరటం విరిగినప్పుడు, అది మోసుకొచ్చిన తోపు నీటి మీద పడుతుంది. ఆ తోపుకు ఒడ్డు దగ్గర నీటి మట్టం పెరిగి, కెరటాలు వస్తున్నంతసేపూ అలాగే నిలిచి ఉంటుంది. 1960లలో లాంగెట్-హిగ్గిన్స్, స్టీవర్ట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని గణితంతో వివరించారు. ఇలా పెరిగిన మట్టం మీద నుంచి ఒక్కో కెరటం మళ్లీ విడిగా పైకి ఎగబాకుతుంది.

ఎంత ఎగబాకుతుందో అంచనా వేయడానికి 2006లో అమెరికాకు చెందిన హిలరీ స్టాక్‌డన్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. దానికి మూడు అంకెలు చాలు: లోతు సముద్రంలో అలల ఎత్తు, అలకూ అలకూ మధ్య సెకన్లు, ఇసుక వాలు.

మూడు మీటర్ల అలలు పది సెకన్లకొకటి చొప్పున వస్తున్నాయనుకుందాం. తీరం ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలి ఉందనుకుందాం. నిలిచి ఉండే పెరుగుదల సుమారు 40 సెంటీమీటర్లు. ఎగబాకే నీటిని కలిపితే, వందలో రెండు సార్లు అది 1.3 మీటర్లు దాటుతుంది. అల ఎత్తు మార్చకుండా వ్యవధిని 14 సెకన్లు చేయండి, 1.8 మీటర్లు వస్తుంది. వ్యవధి పదే ఉంచి వాలును రెట్టింపు చేయండి, 2 మీటర్లు. ఇదంతా పోటుకు, ఉప్పెనకు అదనం!

ఉప్పాడలో చిక్కు ఈ మూడో అంకెతోనే. చీరలతో పేరున్న ఈ ఊరు ఏళ్లుగా ఇళ్లను, కొబ్బరి చెట్లను సముద్రానికి వదులుకుంటోంది. జియో ట్యూబులతో కట్టిన గోడ నిలవలేదు. రాళ్లు పోశారు. రాళ్ల ముందు ఇసుక కొట్టుకుపోతే అక్కడ లోతు పెరుగుతుంది. అప్పుడు పెద్ద కెరటం దూరంగా విరగకుండా గట్టు దాకా వచ్చి విరుగుతుంది. ఇసుక తీరాల కోసం తయారైన సూత్రం అక్కడ నేరుగా పనికిరాదు. నిరుటి వాలుతో ఈ ఏటి లెక్క కట్టినా తప్పే అవుతుంది.

మరి కాకినాడ పట్నం? హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉండటంతో పెద్ద అలలు అక్కడ నీరసిస్తాయి. కానీ లోతు తక్కువైన అఖాతంలోకి ఉప్పెన నీరు చొరబడటాన్ని దిబ్బ పూర్తిగా ఆపలేదు. అందుకే ఒకే జిల్లాకు ఒకే అంకె చెబితే ఉప్పాడ వాళ్లకు తక్కువ చెప్పినట్టవుతుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ఉప్పెన, దూరం నుంచి వచ్చే పొడవాటి అలలు, అన్నిటికీ హెచ్చరికలు ఇస్తోంది. 2013 ఫైలిన్ తుపానుపై అలల మోడల్‌ను, ఉప్పెన మోడల్‌ను కలిపి నడిపి, విరిగే అలలు నీటి మట్టాన్ని ఎంత పెంచాయో కూడా దాని శాస్త్రవేత్తలు చూశారు. అంటే విద్య మన దగ్గరే ఉంది. లేనిది ఊరి స్థాయి కొలత. అమెరికాలో పలు తీరాలకు పోటు, ఉప్పెన, అలల పెరుగుదల కలిపి మొత్తం నీటి మట్టాన్ని ముందే ప్రకటిస్తున్నారు. ఉప్పాడకూ అలా చెప్పాలంటే తీరం వాలును వానాకాలానికి ముందు, తర్వాత కొలవాలి. మరోసారి రాళ్లు పోయడంతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

అప్పటిదాకా బీచ్ రోడ్డు మీద వెళ్లాల్సి వస్తే ఉప్పెన అంకెతో ఆగకండి. ఇన్‌కాయిస్ 'సముద్ర' యాప్‌లో అలల హెచ్చరికలు చూడండి. అలల వ్యవధి 12 సెకన్లు దాటిందా, ఆ రోజు పోటు ఎన్ని గంటలకు, పున్నమి, అమావాస్య దగ్గర్లో ఉన్నాయా అన్నవీ చూసుకోండి. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజైనా సరే. హిందూ మహాసముద్రం దక్షిణ కొస నుంచి వచ్చే పొడవాటి అలలు మబ్బును వెంటబెట్టుకు రావు.