ఆయ్... తిన్నావా?

నేపుల్స్‌లో దిగిన మూడో వారం. నా గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. కూరగాయల సంచి మోసుకుంటూ మెట్లెక్కుతుంటే రెండో అంతస్తులో మామ్మగారు తలుపు తీసి "ఆయ్ మంజాతో?" అంది. నాకు ఆ "ఆయ్" ఒక్కటే వినపడింది. రాజమండ్రి వాణ్ణి కదా, అలవాటుకొద్దీ నేనూ "ఆయ్" అనేశాను. ఆవిడకేం అర్థమైందో గానీ లోపలికి పిలిచి ప్లేటు నిండా పాస్తా పెట్టింది. ఆ మాటకి "తిన్నావా?" అని అర్థమట. తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఫోన్ చేసిన ప్రతి జూనియరూ అడిగేది ఒకటే: "అన్నా, అక్కడ అలవాటైందా?" మొదట్లో పోలికలు చెప్పేవాణ్ణి. సందు నిండా ఆరేసిన బట్టలు, ఆగని స్కూటర్ హారన్లు, గొంతు చించుకునే బేరాలు, చేపల బజార్లో మన నెత్తళ్ళ లాంటివే కుప్పలు. అందుకే మనూరిలా ఉందనేవాణ్ణి.

ఇప్పుడు ఆ జవాబు తప్పనిపిస్తోంది.

ఎందుకంటే మన హాస్టల్లో నా పక్క గదిలో ఒక బీహార్ అబ్బాయి ఉండేవాడు. వాళ్ళదీ నది ఒడ్డే. వాళ్ళూ అన్నం, చేపలు తినేవాళ్ళే. పోలికలకేం తక్కువ? అయినా మూడేళ్ళు మెస్‌లో ఒక్కడే కూర్చుని తిన్నాడు. మేమంతా తెలుగులో జోకులేసుకుని నవ్వుతుంటే, ఏమిటని అడిగేవాడు. "నీకర్థం కాదులే" అనేవాళ్ళం. ఒక కార్తీకంలో ఛఠ్ పండక్కి ఊరెళ్ళడం కుదరక, సాయంత్రం ఒక్కడే గోదావరి రేవుకెళ్ళి సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చొచ్చాడు. అదే నెలలో మా అమ్మ అదే నదిలో దీపాలు వదులుతుంది. నేను వాడితో వెళ్ళలేదు. వెళ్ళాలని తోచనే లేదు.

ఊరు మనదనిపించేది పోలికల వల్ల కాదు. ఎవరో ఒకరు తలుపు తీస్తేనే.

నేపుల్స్ వాళ్ళంతా దేవుళ్ళని చెప్పట్లేదు. విదేశీయులకి గది ఇవ్వమని నా మొహం మీదే చెప్పినవాళ్ళు ఇద్దరున్నారు. కానీ ఇదే ఊళ్ళో "కఫె సొస్పేసో" అని ఒక పాత అలవాటుంది. ఒక కాఫీ తాగి రెండింటికి డబ్బులిస్తారు. ఆ రెండోది తర్వాత వచ్చే, డబ్బుల్లేని మనిషికి. అతనెవరో ఇచ్చినవాళ్ళకి తెలీదు. 1876 నుంచి వందేళ్ళలో దాదాపు 2.6 కోట్ల మంది ఇటలీ వదిలిపోయారు. నేపుల్స్ రేవు నుంచి లక్షల మంది అమెరికా ఓడలెక్కారు.

మనకీ ఆ చరిత్ర ఉంది. కోరంగి, కాకినాడల నుంచి ఓడలెక్కి "రంగం" వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో కోరంగీలనేవారు. జపాన్ దాడి చేసినప్పుడు, 1942లో, అక్కడి భారతీయులు లక్షల్లో అడవులూ కొండలూ దాటి నడిచొచ్చారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. పరాయి ఊళ్ళో ఉండటమంటే ఏంటో తెలిసిన నేల మనది.

పులస సంగతి మీకు చెప్పక్కర్లేదు. సముద్రంలో ఇలసగా తిరిగిన చేప, వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వచ్చాకే పులస అవుతుంది. పుస్తెలమ్మైనా తినాలంటాం. వలసొచ్చిన చేపకి ఇంత మర్యాద చేసేవాళ్ళం, వలసొచ్చిన మనిషికి మెస్‌లో పక్క కుర్చీ ఇవ్వలేమా?

జర్మన్, ఇటాలియన్ క్లాసులకి వెళ్ళేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. వెళ్ళండి, మంచిదే. కానీ రేపు పరాయి దేశంలో మీకోసం ఎవరో తలుపు తియ్యాలని కోరుకునే ముందు, ఇవాళ మెస్‌లో ఒంటరిగా కూర్చున్న వాడి దగ్గరికెళ్ళండి. భాష రాకపోయినా పర్లేదు, తెలుగులోనే అడగండి.

"ఆయ్, తిన్నావా?"