వల్లియమ్మ మనవడు



పోయిన భాగం చదివి, కొత్తగా పాటలు కడుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, నీ గురువెవరని అడుగుతున్నరు. నేనెక్కడా నేర్చుకోలే. ఏం చెప్పాలె?" అన్నాడు. నేను అరివు కథ చెప్పాను.

అరివుది తమిళనాడులోని అరక్కోణం. 2017లో పా. రంజిత్ పూనికతో పుట్టిన 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' బృందంలో పాడాడు. ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. మనవాళ్లను వందేళ్ల కిందటే 'కులం లేని తమిళులు' అన్న అయోతీదాసు పండితుడి మాట అది. 2019లో 'తెరుక్కురల్' ఆల్బం తెచ్చాడు. తెరు అంటే వీధి, కురల్ అంటే గొంతు. తిరుక్కురళ్‌ని తలచుకునేలా పేరు పెట్టి, వాడ గొంతు వినిపించాడు.

2021 మార్చిలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. బరాత్‌లలో, హాస్టళ్లలో మనమూ ఎగిరాం. దాని వెనక ఒక ముసలమ్మ ఉందని మనలో ఎంతమందికి తెలుసు? అరివు వాళ్ల అవ్వ వల్లియమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసింది. స్వతంత్రం వచ్చిన 1948లోనే ఆ దేశం లక్షలాది తోట కూలీలను పౌరులు కాకుండా చేసింది. 1964 ఒప్పందంలో 5,25,000 మందిని ఇండియా వాటాగా లెక్కగట్టారు. మనుషుల్ని పంచుకున్నారు గానీ భూమిని పంచలేదు. అరివు ఆ దుఃఖాన్ని ఒప్పారి బాణీలోంచి ఎత్తుకున్నాడు. ఒప్పారి అంటే చావింట్లో శోకం పెట్టి ఏడ్చే పాట. మన తల్లులకు తెలియనిదేం కాదు.

అదే ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా కవరు పేజీ వచ్చింది. ఆ పాట రాసి, గొంతు కలిపిన అరివు బొమ్మ దానిమీద లేదు. రంజిత్ నిలదీసి, గొడవయ్యాక అరివుతో ఇంకో కవరు తెచ్చారు. 2024లో అరివు తన ఆల్బంకి పెట్టుకున్న పేరు 'వల్లియమ్మ పేరాండి'. అంటే వల్లియమ్మ మనవడు.

నాకు ఆ పేరే పెద్ద రాజకీయం అనిపిస్తుంది. సభల్లో పాడే సంగీతానికి గురుపరంపర ఉంటుంది, పేరు పేరునా చెప్పుకుంటారు. మన పాట దగ్గరికొచ్చేసరికి 'జానపదం' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. నాట్లేసేకాడ పాట అల్లిన మనిషి పేరు పోయి, ఫోన్లో రికార్డు చేసినోడి పేరు మిగులుతుంది. యూట్యూబ్‌లో ఈ పని మనోళ్లూ చేస్తున్నారు. కవరు మీద మన బొమ్మ లేదని కొట్లాడే మనం, మన వీడియో కింద అవ్వ పేరు రాయకపోతే ఎట్లా?

ఒక్కో పాటకు పదిమంది నోళ్లు కలుస్తాయి, నిజమే. అప్పుడు నువ్వు ఎవరి నోట విన్నావో ఆ పేరు, ఆ ఊరు రాయి. డబ్బులొస్తే ఆమె చేతిలో ఆమె వాటా పెట్టు.

తమ్ముడూ, ఈసారి నీ గురువెవరని అడిగితే తల దించుకోకు. మీ అవ్వ పేరు చెప్పు.